అపరాధ పరిశోధక నవలలు – ఒక పాఠకుని రెండు మనస్సులు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్నాదేశించిరి. నేను పండితుడను గాను, గ్రంథకర్తను గాను. ఈ గ్రామమున పుట్టి, చదువునకును బ్రతుకుతెరువునకును పట్టణము చేరి, దిల్‌సుఖ్‌నగరులో నలుబది యేండ్లకు పైగా కాపురముండి, ఉద్యోగ విరమణానంతరము ఎల్.బి.నగరు ప్రక్కకు మాఱిన ఒక సామాన్య పాఠకుడను. ఎల్.బి.నగరు చౌరస్తాలో మన యూరి బస్సెక్కినప్పుడెల్ల నా చేతిలో ఏదో యొక పుస్తకముండుట మీలో పలువు రెఱుగుదురు. అది భారతమో భాగవతమో అని మీరనుకొనియున్నచో, నేడా భ్రమ తొలగింపవలసియున్నది. అవి చాలవఱకు హత్యలును, వజ్రముల దొంగతనములును గల నవలలు.

కార్యవర్గమువారు నాకొక చిక్కు విషయము నప్పగించిరి. మన గ్రంథాలయమున కిటికీ ప్రక్కనున్న రెండు బీరువాలు అపరాధ పరిశోధక నవలలతోను, వారపత్రికలలో వెలువడిన సీరియల్ నవలలతోను నిండియున్నవి. వానిలో మూడవ వంతు నేను ఇల్లు మాఱినప్పుడు ఇచ్చినవే. ఇప్పుడు మన యువకులు గ్రూపు పరీక్షలకును, పోలీసు ఉద్యోగములకును, ఉపాధ్యాయ పదవులకును చదువుటకు పుస్తకములు కావలెనని అడుగుచున్నారు. చోటు లేదు. కావున ఆ రెండు బీరువాలను ఖాళీచేసి, అందలి పుస్తకములను తూకమునకు అమ్మివేయుదమని ఒక సూచన వచ్చినది. ఇచ్చినవాడను గనుక నా అభిప్రాయ మడిగిరి. ఈ వ్యాజ్యములో నేను సాక్షిని. ముద్దాయిని గూడ నేనే. సాక్ష్యము నిజముగా చెప్పెదను. తీర్పు మీది.

మొదట నేనీ పుస్తకముల పాలైన కథ చెప్పవలెను. 1972 ప్రాంతమున నాకు పండ్రెండేండ్లు. అప్పుడు మన యూరిలో గ్రంథాలయము లేదు. బడిలో పాఠ్యపుస్తకములు తప్ప వేఱు పుస్తకము కంటికి కనబడినది కాదు. బస్సులాగు చోట ఒక చాయ్ హోటలుండెడిది. ఎవరో ప్రయాణికుడు విడిచిపోయిన పుస్తకమొకటి అచ్చట బల్లమీద కొన్నాళ్లు పడియుండెను. దానికి అట్ట లేదు. మొదటి పదునాఱు పుటలు లేవు. చివరి పుటలును లేవు. వానిలో మిర్చిబజ్జీలు కట్టి యిచ్చివేసిరి. మిగిలినది నేను అడిగి తెచ్చుకొని, దీపము క్రింద కూర్చుండి, ఒక్క రాత్రిలో చదివితిని. ఒక ధనికుడు మూసిన గదిలో చంపబడెను. ఐదుగురిపై అనుమానము. పరిశోధకుడు అందఱను ఒక హాలులో కూర్చుండబెట్టి, “హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు” అనునంతటితో కాగితము లయిపోయినవి!

అది మొదలు ఆ హంతకు డెవడో తెలియక నేను పడిన బాధ యింతంత కాదు. పశువులు కాయునప్పుడును, బాయికడ స్నానము చేయునప్పుడును అదే ఆలోచన. ఒకనాడు ధనికుని తమ్ముడే చంపెననుకొంటిని, మఱునాడు వైద్యుడనుకొంటిని, ఇంకొకనాడు చనిపోయినవాడు చావలేదనియు, శవము మఱియొకనిదనియు నిశ్చయించితిని. దీనికై ఆ మిగిలిన పుటలను ఎన్నిసార్లు తిరుగవేసితినో లెక్కలేదు. ఏ పాత్ర ఎప్పుడేమన్నది, ఎక్కడ మాట మార్చినది నాకు కంఠోపాఠమైనది. పుస్తకమును శ్రద్ధగా చదువుట యనగా నేమో నాకు నేర్పినది ఆ చిరిగిన పుస్తకమే.

నాకంటె మా అక్కకు ఈ పిచ్చి ముందే పట్టినది. ఆమె చదువు ఏడవ తరగతితో మాన్పించిరి. పట్నమునుండి వచ్చు మా మేనమామ పాత వారపత్రికలు తెచ్చెడివాడు. అక్క వానిలోని సీరియల్ పుటలను చింపి, వరుసగా పేర్చి, దబ్బనముతో గుచ్చి, దారముతో కుట్టి, పాత క్యాలెండరు కాగితము అట్టగా వేసి దాచుకొనెడిది. యద్దనపూడి సులోచనారాణిగారి కథానాయకుడు పెద్ద కారు దిగునప్పుడు, మా అక్క పొయ్యిమీది అన్నము మాడెడిది. మా అవ్వ తిట్టెడిది: “ఆ కాగితాలల్ల ఏమున్నదే, కడుపు నిండుతదా?” అని. కడుపు నిండలేదు, నిజమే. ఆమెకు అట్టి కారుగాని, అట్టి మేడగాని రాలేదు. ఒక చిన్న రైతు ఇంటికి కోడలై, నాట్లు వేసి, కలుపు తీసి బ్రతికినది. ఆ నవలలు ఆమెకు లేని కోరికలు పుట్టించి, ఉన్న బ్రతుకును చేదుచేసినవేమోయని నేను చాల కాలము అనుకొంటిని. ఆ సంగతి మఱల చెప్పెదను.

ఇక ఈ పుస్తకముల పుట్టుపూర్వోత్తరములు కొంచెము విన్నవించెదను. కందుకూరి వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రము 1878లో వెలువడినప్పుడు తెలుగున దానికి తగిన పేరే లేదు. వారు వచన ప్రబంధమని పిలిచిరి. అనగా నేడు పూజ్యమైన నవలయు ఒకనాడు క్రొత్తగా వచ్చిన చుట్టమే. పిమ్మట వంగదేశపు పరిశోధక కథలును, ఆంగ్ల కథలును తెలుగులోనికి వచ్చినవి. కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారు వేయి నవలలు వ్రాసినవారని ప్రసిద్ధి కెక్కిరి. వారి చిన్న పుస్తకములు రైలు స్టేషనులలో అమ్ముడుపోయెడివి. స్వాతంత్ర్యానంతరము మదరాసు, విజయవాడ అచ్చుకూటములనుండి అపరాధ పరిశోధక నవలలు వరదవలె వచ్చినవి. కొమ్మూరి సాంబశివరావుగారు సృష్టించిన డిటెక్టివు యుగంధరును, అతని సహాయకుడు రాజును ఎఱుగని ఇల్లు ఆ దినములలో అరుదు. 1970వ దశకము వచ్చునప్పటికి మధుబాబుగారి షాడో కుఱ్ఱవాండ్రను పట్టుకొనెను. ఎమెస్కోవారి పాకెట్ బుక్కులు అందఱకు అందు వెలకు నవలలను ఇంటింటికి చేర్చెను.

ఇది తెలుగువారి సంగతి. నేను ఉద్యోగములో చేరిన కచేరిలో నా ప్రక్క కుర్చీ మిత్రుడు ముసల్మాను. ఆయన ఉర్దూలో ఇబ్నె సఫీ వ్రాసిన జాసూసీ దునియా నవలలకు దాసుడు. అలహాబాదునుండి 1952లో మొదలైన ఆ నవలలను ఆయన తండ్రియు చదివెనట. ఆ నవలలలో కర్నల్ ఫరీదీ, కెప్టెన్ హమీదు; నా నవలలలో యుగంధరు, రాజు. మధ్యాహ్నము చాయ్ త్రాగునప్పుడు ఆయన కథ నాకును, నా కథ ఆయనకును చెప్పుకొనెడివారము. ఫరీదీ తెలివిగలవాడా, యుగంధరు తెలివిగలవాడా యని మాకు ముప్పదియేండ్లు వాదము నడచినది, తేలలేదు. ఒకరి లిపి ఒకరికి రాదు. ఆ హత్యల పుణ్యమాయని మేము సోదరులవలె నుంటిమి.

నేను ఇంటర్మీడియెటు చదువుటకై 1976లో దిల్‌సుఖ్‌నగరులో ఒక గది తీసికొంటిని. ఆ వీధిలో అద్దె పుస్తకముల దుకాణమొకటి యుండెను. ఒక ముసలాయన నడిపెడివాడు. పుస్తకము వెల ముందుగా కట్టవలెను. రోజునకు పావలా అద్దె. ఆలస్యమైన కొలది ఆ సొమ్ములో కోత. నేను పావలా మిగుల్చుటకై సాయంత్రము తీసికొని, తెల్లవారునప్పటికి ముగించెడివాడను. ఫలితమేమనగా, లెక్కల పరీక్షకు ముందు రాత్రి ఒక నవల పూర్తిచేసి, మఱునాడు పరీక్ష పోగొట్టుకొంటిని. మా నాయన జొన్నలమ్మి కట్టిన రుసుము అది. దీనికి నవలనుగాని, వ్రాసినవారినిగాని నిందింపను. కాని ఈ సభలోని పిల్లలు నా తప్పును తెలిసికొనవలెను గనుక చెప్పుచున్నాను.

మఱియొక వింత. ఆ ముసలాయన ప్రతివాని పేరున లెక్క వ్రాయువాడు. ఒకనాడు నా పుట తెఱచి చూపెను: ఒక్క యేడాదిలో నేను మూడువందల పుస్తకములు తీసికొంటిని. వానిలో పదింటి కథలైన చెప్పుమనగా నాకు నోరు పెగలలేదు. ఒక్కొక్కప్పుడు నలుబది పుటలు చదివిన పిమ్మటగాని, ఇది లోగడ చదివినదే యని తోచెడిది కాదు. ఊరిలో ఒక చిరిగిన పుస్తకము ఆఱేండ్లు మనస్సులో నిలిచినది. పట్నములో మూడువందల మంచి ప్రతులు ఏరు దాటినట్లు దాటిపోయినవి.

ఆ దుకాణములోనే 1978లో నాకు ఆ పాత పుస్తకము సంపూర్ణముగా దొరకినది. చేతులు వణకుచుండగా చివరి పుటలు విప్పితిని. హంతకుడు వంటవాడు! కథలో వాడు రెండుమాట్లు కాఫీ తెచ్చి యిచ్చుట తప్ప మఱేమియు చేయలేదు. నేను పశువుల వెంట తిరుగుచు ఊహించిన ముగింపులన్నియు దానికంటె మేలైనవి. కోపముతో ముసలాయన కడకు పోయి, “తాతా, ఇదేం ముగింపు?” అంటిని. ఆయన నవ్వి, అరనుండి వేఱొక పుస్తకము తీసి నా చేతిలో పెట్టెను. “ఇగ ఇది చదువు బిడ్డా. దీంట్ల నేరగాడు మొదట్లనే దొరుకుతడు. వాణ్ని ఎట్ల పట్టాల్నో ఊరంత కలిసి ఆలోచించాలె” అనెను. అద్దె వ్రాసికొనలేదు.

అది వట్టికోట ఆళ్వారుస్వామిగారి ప్రజల మనిషి, 1955లో వెలువడినది. నిజాము కాలపు తెలంగాణ పల్లె, దొర పెత్తనము, వెట్టి, భూమి కాజేయుట – ఇవి ఆ నవల సంగతులు. మా తాత చెప్పిన కథలే అచ్చులో కనబడినవి. మూసిన గది లేదు; రహస్య మార్గము లేదు; నేరము నడివీధిలో జరుగుచున్నది, చూచుచున్నవారందఱును సాక్షులే. ఆ ఆళ్వారుస్వామి ఎవరనుకొన్నారు? వంటలు చేసి, హోటలులో పనిచేసి, స్వయంకృషిచే చదువుకొని, 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకములను తానే మోసికొని వీధివీధి తిరిగి అమ్మిన మహానుభావుడు. వంటవానిని హంతకుని చేసిన నవలను విడిచి, ఒక వంటవాడు వ్రాసిన నవలను చేతబట్టితిని!

ఇక నా అభియోగములు చెప్పెదను. మొదటిది: ఈ నవలలలో పలువానియందు నల్లనివాడు, కుంటివాడు, ముఖమున మచ్చగలవాడు, జీతగాడు దుష్టులు. స్త్రీ శవమై పడియుండును, లేదా క్లబ్బులో నాట్యమాడును. ఇవి వేలమంది పిల్లల మనస్సులకు ఏమి నేర్పినవి? దిల్‌సుఖ్‌నగరులో నేను క్రొత్తగా గదికొఱకు తిరిగినప్పుడు, నల్లగా, చిన్నగా, పల్లెటూరి బట్టలతో నున్న నన్ను చూచి ఒక ఇంటి యజమానురాలు తలుపు గొళ్లెము వేసికొనినది. ఆమె నవలలు చదువునో లేదో నేనెఱుగను. చదివిన నాకు మాత్రము ఆమె భయము క్రొత్తగా తోచలేదు.

రెండవది ఇంకను బరువైనది. 1980 తరువాత మంత్రగాండ్ర నవలలు విరివిగా వచ్చినవి. యండమూరి వీరేంద్రనాథ్‌గారి తులసిదళం అందు ప్రసిద్ధము. ఆ నవలను ముప్పాళ రంగనాయకమ్మగారు తీవ్రముగా విమర్శించిరి. నేను దానిని నిద్ర మాని చదివినవాడనే. కథ నడపు నేర్పునకు ఆశ్చర్యపడితిని. అది కల్పితమని పట్నపు పాఠకునికి తెలియును. కాని మన జిల్లాలలో బాణామతియని, చేతబడియని అనుమానించి, ముసలివారిని కొట్టి చంపిన వార్తలు ఎన్నిమార్లు వినలేదు? వెఱపును వినోదముగా అమ్మునప్పుడు, ఆ వెఱపునకు బలియగువారు మన ప్రక్క యింటనే యున్నారన్న సంగతి మఱువరాదు. నవలయే ఆ హత్యలకు కారణమని నేననను. చదువురాని ఊళ్లలోను అవి జరిగినవి. అయినను ఆ పుస్తకము ముగించిన రాత్రి నాకు కలిగిన ఆనందములో కొంత సిగ్గు కలసియున్నది.

మూడవది చెప్పుటకు నాకు గొంతు పట్టుచున్నది. 2013 ఫిబ్రవరి 21వ తేది సాయంత్రము నేను దిల్‌సుఖ్‌నగరులోని మా యింట ఒక పరిశోధక నవల చదువుచుంటిని. ఏడు గంటల ప్రాంతమున పెద్ద చప్పుడైనది, క్షణములలో మఱియొకటి. ట్రాన్స్‌ఫార్మరు పేలినదనుకొంటిమి. కాదు. జనము క్రిక్కిరిసిన బస్సులాగు చోటను, సినిమా హాలు దాపునను బాంబులు పేలినవి. 18 మంది ప్రాణములు కోల్పోయిరి. నూరుమందికి పైగా గాయపడిరి. వారిలో చదువులకును, ఉద్యోగ పరీక్షలకును పల్లెలనుండి వచ్చిన యువకులుండిరి. ఆ రాత్రి నాకు మొదట ఫోను చేసినవాడు నా ఉర్దూ మిత్రుడు. “ఇంటిలో అందఱు క్షేమమా?” అని అడిగి, తరువాత ఇద్దఱము చాలసేపు మాటలేక ఫోను పట్టుకొని యుంటిమి.

మఱునాడు ఆ వీధిలో చెప్పులు, సంచులు, అన్నపు డబ్బాలు పడియుండుట చూచితిని. ఇంటికి వచ్చి చూడగా, ముందునాటి నవల బోర్లించియున్నది. అందులోను మూడవ పుటలో ఒక శవము కలదు. ఆ శవమునకు తల్లి లేదు. దానికొఱకు ఏడ్చువారు లేరు. అది పరిశోధకుని తెలివి చూపుటకు పుట్టి చచ్చినది. నలుబదియేండ్లు ఇట్టి శవములను వేలకొలది దాటి, చాయ్ త్రాగుచు పుటలు త్రిప్పినవాడను నేనే గదా యని రోత పుట్టినది. ఏడాదికి పైగా ఆ పుస్తకముల జోలికి పోలేదు.

నిజమైన పరిశోధన యెట్టిదో అప్పుడు తెలిసినది. నూరుమందికి పైగా సాక్షులను విచారించిరి. 2016 డిసెంబరులో ప్రత్యేక న్యాయస్థానము ఐదుగురికి మరణశిక్ష విధించినది. 2025 ఏప్రిలులో హైకోర్టు దానిని స్థిరపఱచినది. పండ్రెండేండ్లు! ప్రధాన నిందితుడని చెప్పబడిన ఒకడు ఆ తీర్పునాటికిని పట్టుబడలేదు. నవలలో రెండువందల పుటలకు అంతయు తేలిపోవును. ఇచ్చట పిల్లలను పోగొట్టుకొన్న తల్లిదండ్రులకు చివరి పుట ఇంకను రాలేదు.

ఇంత చెప్పినవాడవు మఱల ఎందుకు చదివితివి అని మీరడుగవచ్చును. దానికి కారణము మా అక్కయే. ఆమెకు కంటి శస్త్రచికిత్స జరిగి, కొన్నాళ్లు చదువరాదని వైద్యులనగా మా యింట నుండెను. ఒకనాడు, “తమ్మీ, ఏదన్న డిటెక్టివ్ పుస్తకం చదివి వినిపియ్యిరా. చివరికి అంతా తేలిపోయేది కావాలె నాకు” అనెను. నేను నా రోత సంగతి చెప్పితిని. ఆమె కొంచెముసేపు విని, “బయట తేలదనే గదరా పుస్తకంల చదివేది” అనెను. నేను మాఱుమాట లేక, బీరువా తెఱచి యుగంధరు నవల తీసితిని.

ఆ దినములలోనే ఆమె నాకొక సంగతి చెప్పినది. ఎల్.బి.నగరు అవతలి భూముల ధరలు పెరిగిన కాలమున, ఆమె భర్త పోయిన పిమ్మట, ఎవరో పెద్దమనుష్యులు పంపకపు కాగితము తెచ్చి సంతకము చేయుమనిరట. చదువు రాదనుకొనిరి. ఆమె కాగితము తీసికొని, మొదటినుండి చివరివఱకు చదివి, “ఎకరం పది గుంటలని నోటితో చెప్పిన్రు, కాగితంల ముప్పై గుంటలే రాసిన్రేంది?” అని యడిగినదట. వచ్చినవారు లేచిపోయిరి. నేను విస్మయపడి, “నీకంత ధైర్య మెక్కడిది?” అనగా, “మాటకు మాట కలుస్తలేదంటే అక్కడ్నే ఏదో ఉన్నదని నీ పుస్తకాలల్ల చదువలేదా?” అని నవ్వెను. అక్షరములు ఆమెకు బడి యిచ్చినది. కాని పొడుగాటి కాగితమును తడబడక చదువు వేగమును, మాటలను ఒరపెట్టి చూచు అలవాటును, పొయ్యిదగ్గఱ కుట్టుకొన్న ఆ సీరియళ్లు ఇచ్చినవి. అవి ఆమె బ్రతుకును చేదుచేసెనని అనుకొన్న నేను, ఆమెను ఒక్కనాడైన అడిగియుండలేదు.

ఈ రెండు మనస్సులు నాకొక్కనికే గలవనుకొనవలదు. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కోనన్ డాయిల్ తన చారిత్రక నవలలనే గొప్పవిగా తలచి, 1893లో హోమ్స్‌ను చంపివేసెను. పాఠకులు ఊరకుండక 1903లో మఱల బ్రతికింపజేసిరి. ఎడ్మండ్ విల్సన్ అను అమెరికా విమర్శకుడు 1945లో ఈ నవలలు చదువుట వ్యర్థమని గట్టిగా వ్రాసెను. ఆడెన్ అను మహాకవి 1948లో వ్రాయుచు, తనకీ నవలలు పొగాకువంటి వ్యసనమనియు, ముగించిన వెంటనే కథ మఱచిపోవుదుననియు ఒప్పుకొనెను. అంతటివారికే తెగని తగవును మన గ్రామసభ ఒక్కనాడు తెంపవలెనని పట్టుపట్టనక్కఱలేదు.

చౌకబారు నవల మెల్లగా గొప్ప పుస్తకమునకు దారితీయునని కొందఱందురు. నా యనుభవములో అది సగమే నిజము. మూడువందల నవలలు చదివినను నేను ప్రజల మనిషి కడకు నా అంతట పోలేదు. దానిని ఒక ముసలాయన నా చేతిలో పెట్టెను. నా తోడి పాఠకులు పలువురకు అట్టి చేయి దొరకలేదు. వారు నవలలలోనే యుండి, తరువాత దూరదర్శినికిని, ఇప్పుడు ఫోనులోని హత్యల కథలకును పోయిరి. మెట్రోలో చూడుడు, అదే కథ, పుట మాత్రము లేదు. అద్దె దుకాణము మూతపడి చాల యేండ్లైనది. కావున ఆ ముసలాయన చేసిన పని యిప్పుడు గ్రంథాలయము చేయవలెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు పుస్తకములు దాచుటకు మాత్రమే ఆ పని చేయలేదు. పుస్తకమును మనిషిని కలుపుటకు చేసిరి. ఆచార్య రంగనాథన్ గారు 1931లో చెప్పిన ఐదు గ్రంథాలయ సూత్రముల సారమును ఇదియే.

కావున నా మనవి యిది. రెండు బీరువాలను ఒక్కమాఱుగ తూకమునకు వేయవలదు. అట్లని అన్నిటిని నిలుపుడనియు అనను. పుస్తకములు ఎరువిచ్చిన రిజిస్టరు చూడుడు. పదేండ్లుగా ఎవరును ముట్టనివి, చెదలు తిన్నవి, రెండవ ప్రతులు తీసివేయుడు. ఒక బీరువా ఖాళీయగును. అది పరీక్షలకు చదువు పిల్లలది. వారి కోరిక చిన్నది కాదు. దిల్‌సుఖ్‌నగరు శిక్షణ కేంద్రములకు పోవుటకు వారు ప్రతిదినము కట్టు బస్సు కిరాయి ఎంతయో, ఆ బస్సులాగు చోటు ఎట్టిదో నాకు తెలియును. వారిలో ఒక్కడు ఈ ఊరిలోనే కూర్చుండి చదువుకొనగలిగినను, నా పాత హంతకులందఱు అరలు విడిచిపోవచ్చును.

రెండవ బీరువా నవలలదిగా నుండనిండు. పొలము పని ముగించి వచ్చిన ఆడుబిడ్డ, రాత్రి కాపలాదారు, కన్ను బాగుపడిన ముసలమ్మ – వీరికి అంతయు తేలిపోవు కథ యొకటి కావలెను. వారిని చిన్నచూపు చూడవలదు. మంత్రగాండ్ర నవలలను దాచవలదు. కాని నెలకొకసారి పాఠకులను కూర్చుండబెట్టి, వానిని గూర్చి నోరువిప్పి మాట్లాడుకొందము. ఆ బీరువాలోనే, నవలల నడుమ, ప్రజల మనిషి ప్రతులు రెండు పెట్టుడు. చరిత్ర అరలో పెట్టినచో నావంటివాడు చూడడు. నేను నెలకొక ఆదివారము వచ్చి, ఈ ఏరివేత పనిలో తోడ్పడుదును. అడిగినవారికి, అడుగనివారికిని, ఒక పుస్తకము చేతిలో పెట్టుదును.

చివరకు ఒక చిన్న కానుక. చాయ్ హోటలులో దొరకిన ఆ అట్టలేని పుస్తకము ఇన్నాళ్లు నా పెట్టెలో నుండెను. దానిని నేడు గ్రంథాలయమునకు సమర్పించుచున్నాను. చివరి పుటలు లేవు. పాఠకులలో ఎవరో కొందఱు నవల మొదటి పుటలోనే హంతకుని పేరు పెన్సిలుతో వ్రాయుచున్నారని గ్రంథపాలకుడు నాతో మొఱపెట్టుకొనెను. ఈ పుస్తకములో ఆ పని నేను చేయలేదు. మన పిల్లలలో ఎవరైన దీనిని చదివి, ముగింపు తాము ఊహించి చెప్పినచో విని సంతోషించెదను.

 మన గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునట్లు భగవంతుడు అనుగ్రహించుగాక! సెలవు.